జీతం చాలని నెలలో పళ్లెం తప్పు దారి పట్టకుండా

డబ్బు తగ్గగానే అన్నం కుప్ప పెరుగుతుంది, పప్పు నీళ్లవుతుంది, కూర స్థానంలో పచ్చడి వస్తుంది. కడుపు నిండుతుంది కానీ ఏళ్లు గడిచేసరికి షుగరు, బీపీ, రక్తహీనత మిగులుతాయి.

ముందు పప్పు కొలవండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు సుమారు 85 గ్రాముల పప్పులు లేదా గుడ్డు, మాంసం చెబుతోంది. నలుగురికి 340 గ్రాములు. అంత కొనలేకపోతే 200 గ్రాముల పప్పు వండి, తలా ఒక గుడ్డు పెట్టండి. కందిపప్పు మండిపోతుంటే పెసర, శనగ, అలసందలు సగం కలపండి; రుచి మారుతుందని మొదట్లో ఇంట్లో గొణుగుతారు, అంతే.

ఆకుకూరలు ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో తెచ్చుకోండి. మూసేవేళకు ధర దిగుతుంది, కానీ వాడిన కట్ట వద్దు. కడిగాకే తరగాలి, తరిగాక కడిగితే విటమిన్లు నీళ్లలో పోతాయి. పప్పులో వేసి, దించాక నిమ్మకాయ పిండండి: ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది. ఇరానీ చాయ్ అయినా సరే, గంట ఆగాలి.

నూనె నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. వేపుళ్లు తగ్గించి పులుసులు పెంచితే చాలు. బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు.

ఆవకాయ ఒక ముక్క చాలు. ఉప్పు మొత్తం రోజుకు మనిషికి 5 గ్రాములే, అంటే ఒక చిన్న చెంచా.