హౌస్ ఆఫ్ ది డ్రాగన్ వార్తలు: మూలం పట్టుకోవడం, మాయమయ్యేలోపు దాచుకోవడం

ఒక నటుడు ఒక పత్రికతో పది నిమిషాలు మాట్లాడితే, తెల్లారేసరికి అది డజన్ల కొద్దీ హెడ్డింగులవుతుంది. అన్నీ తెరిచి చదివినా చేతికొచ్చేవి ఆ పది నిమిషాల మాటలే, అవి కూడా సగం అరిగిపోయి. అందుకే గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి ప్రీక్వెల్‌గా హెచ్‌బీఓ తీసిన ఈ సిరీస్ ప్రెస్ కవరేజీని ఫాలో అయ్యేవాళ్లకి ముఖ్యమైన పనులు రెండు. మొదట రాసిందెవరో పట్టుకోవాలి, ఆ పేజీ మారకముందే దాచాలి. కింద చెప్పేదంతా ఈ రెంటి కోసమే.

వల వేయడం

మీరిచ్చిన మాట కొత్తగా ఎక్కడ కనిపించినా కబురు పంపే గూగుల్ అలర్ట్స్‌తో మొదలుపెట్టండి. సిరీస్ పూర్తి పేరును డబుల్ కోట్స్‌లో ఇచ్చి ‘షో ఆప్షన్స్’ నొక్కండి. ఎంత తరచుగా అన్నచోట ‘యాజ్ ఇట్ హ్యాపెన్స్’, ఎన్ని ఫలితాలు అన్నచోట ‘ఆల్ రిజల్ట్స్’, ప్రాంతం దగ్గర ‘ఎనీ రీజియన్’ పెట్టండి. ‘ఓన్లీ ద బెస్ట్ రిజల్ట్స్’ అలాగే వదిలేస్తే పెద్ద సైట్లే వస్తాయి, చిన్న ఊళ్ల పత్రికలు జారిపోతాయి. మనకి కావలసినవి తరచుగా ఆ చిన్న పత్రికల్లోనే దొరుకుతాయి. డెలివరీ దగ్గర ఈమెయిల్‌కి బదులు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త వార్తలను ఫీడ్ రీడర్ యాప్‌లోకి పంపే లింకు) ఎంచుకుంటే ఇన్‌బాక్స్ నిండిపోదు.

హెచ్‌ఓటీడీ అనే పొట్టి పేరుతో మాత్రం అలర్ట్ పెట్టకండి. ఆ నాలుగక్షరాలే ఒక జపనీస్ యానిమేకీ, ఒక జాంబీ వీడియో గేముకీ వాడుకలో ఉన్నాయి. రోజంతా వాటి పోస్టులే వస్తాయి. సిరీస్ పేరు కాక షోరన్నర్ (సిరీస్ రాత, నిర్మాణం నడిపించే మనిషి) ర్యాన్ కాండల్ పేరుతో ఒకటి, ముఖ్య నటుల పేర్లతో ఒక్కొక్కటి వేరే అలర్టులు పెట్టండి. నటి వేరే సినిమా ప్రచారానికి వెళ్లి మధ్యలో ఈ సిరీస్ గురించి ఒక్క మాట అనడం మామూలే, ఆ వార్త హెడ్డింగులో సిరీస్ పేరు ఉండదు.

పాత వార్తలు వెతికేటప్పుడు ప్లాట్‌ఫామ్ పేరు దెబ్బతీస్తుంది. అమెరికాలో హెచ్‌బీఓ మ్యాక్స్ 2023 మేలో ఉత్త మ్యాక్స్ అయింది, 2025 జులైలో మళ్లీ హెచ్‌బీఓ మ్యాక్స్ అయింది. మన దగ్గర మొదటి సీజన్ 2022లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది. 2023 మార్చి 31తో హెచ్‌బీఓ షోలు అక్కడినుంచి వెళ్లిపోయి జియోసినిమాకి చేరాయి. 2025 ఫిబ్రవరి నుంచి ఆ రెండూ కలిసి జియోహాట్‌స్టార్. ఏ ఏడాది వార్త కావాలో ఆ ఏడాది పేరుతోనే వెతకాలి.

ట్రేడ్ పత్రికలు, అంటే సినిమా, టీవీ పరిశ్రమ వార్తలకే ఉన్న పత్రికలు, మూడు తప్పనిసరి: వెరైటీ, ది హాలీవుడ్ రిపోర్టర్, డెడ్‌లైన్. వీటిలో సిరీస్ పేరున్న ట్యాగ్ పేజీ తెరిచి, అడ్రస్ చివర స్లాష్ పెట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని చేరిస్తే ఆర్‌ఎస్‌ఎస్ దొరుకుతుంది. మూడూ పెన్స్కీ మీడియా గొడుగు కిందే ఉన్నా న్యూస్‌రూములు వేరు, కాబట్టి ముగ్గురూ విడివిడిగా నిర్ధారించిన వార్త బలమైనదే. ఒకరు రాసిందాన్ని మిగతా ఇద్దరు ఎత్తి రాస్తే మాత్రం అది ఒక్క వార్తే.

గడియారం

ఆ పత్రికలుండే లాస్ ఏంజెలెస్‌లో వేసవి ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి 9:30. వాళ్ల ఆఫీసు పొద్దంతా మనకు రాత్రే, కాబట్టి ఉదయం 6:30కి ఒకసారి ఫీడ్ చూస్తే నిన్నటి పని మొత్తం దొరుకుతుంది. సీజన్ నడిచేటప్పుడు లెక్క వేరు. న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి 9కి ఎపిసోడ్ పడితే మనకు సోమవారం ఉదయం 6:30. ఎపిసోడ్ అయిపోయిన నిమిషంలోనే, ముందే రాసిపెట్టుకున్న ఇంటర్వ్యూలు ఒక్కసారిగా విడుదలవుతాయి. సోమవారం 7:30 నుంచి 9:30 వరకు రెండు గంటలు కేటాయిస్తే ఆ వారం కవరేజీలో ముఖ్యమైనది చేతికొచ్చినట్టే.

అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. బ్రిటన్‌లో అవి మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాలు. ఆ మధ్య వారాల్లో న్యూయార్క్‌కీ లండన్‌కీ తేడా ఐదు గంటలు కాక నాలుగే. ఏది ముందొచ్చింది అన్న వాదనలు ఈ వారాల్లో సులువుగా తప్పుదారి పడతాయి.

తల్లి వార్త, పిల్ల వార్తలు

వార్త తెరవగానే ‘ఫలానా పత్రికతో చెప్పారు’ అన్న వాక్యం కోసం చూడండి. ఆ పత్రిక పేరు మీద నీలం లింకు ఉంటే నొక్కండి. అక్కడా మరో లింకు ఉంటే మళ్లీ నొక్కండి. లింకు ఆగిపోయి, రిపోర్టర్ స్వయంగా ప్రశ్న అడిగిన పేజీ వచ్చిందంటే అదే తల్లి. లింకు లేకపోతే, కోట్‌లోంచి ఆరేడు మాటలు యథాతథంగా డబుల్ కోట్స్‌లో పెట్టి వెతకండి. ఇంగ్లీషులో ఆఫ్టర్, బిఫోర్ అని రాసి కోలన్ పక్కన సంవత్సరం-నెల-రోజు వరసలో తేదీలిస్తే గూగుల్ ఆ మధ్యవే చూపిస్తుంది.

2024 ఆగస్టు 5 దీనికి మంచి ఉదాహరణ. రెండో సీజన్ చివరి ఎపిసోడ్ మర్నాడు కాండల్ ఆన్‌లైన్ ప్రెస్ కాన్ఫరెన్స్ పెట్టి, సిరీస్ నాలుగు సీజన్లతో ముగుస్తుందని చెప్పారు. ఆ మాట చాలా పత్రికల్లో వచ్చింది. ఇక్కడ తల్లి ఏ పత్రికా కాదు, ఆ ప్రెస్ కాన్ఫరెన్సే. మీరు వార్తలు ఎక్కించుకునే ఎక్సెల్ లాంటి షీట్‌లో దానికో వరస ఇచ్చి, ఉదాహరణకు 41 అని నంబర్ వేయండి. ఒక్కో పత్రికనూ 41-ఎ, 41-బి అని దాని కింద పెట్టండి. పిల్ల వరసలో ఆ పత్రిక ఒక్కటే ఇచ్చిన కొత్త వాక్యం మాత్రం రాయండి. కొత్తది లేకపోతే లింకు చాలు. ప్రచార రోజుల్లో నటులు హోటల్ గదిలో కూర్చుంటే విలేకరులు పది నిమిషాలకొకరు మారుతుంటారు. ఒకే జవాబు పది పత్రికల్లో చిన్న తేడాలతో రావడానికి కారణం అదే, అందులో ఎవరూ ఎవరినీ కాపీ కొట్టలేదు.

రెండుసార్లు భాష మారిన మాటను కోట్‌గా రాయకండి. ఇంగ్లీషు ఇంటర్వ్యూ స్పానిష్ పత్రికలోకి వెళ్లి, అక్కడినుంచి మెషీన్ అనువాదంలో తిరిగొస్తే ‘కావచ్చు’ అన్నది ‘అవుతుంది’గా మారిపోతుంది. కొన్ని పుకార్లు పుట్టేది ఇలాగే.

దాచడం

2024 సెప్టెంబర్ 4న, ఈ సిరీస్‌కి ఆధారమైన పుస్తకం రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన సైట్‌లో రెండో సీజన్ మార్పుల గురించి ఒక పెద్ద వ్యాసం పెట్టారు. రాజు ఏగాన్, హెలేనాల చిన్న కొడుకు మేలోర్‌ను సిరీస్‌లోంచి తీసేయడం తర్వాతి కథను ఎలా దెబ్బతీస్తుందో అందులో వివరించారు. కొన్ని గంటల్లోనే ఆ పేజీ పోయింది. ఈ రోజు దాన్ని పూర్తిగా చదవగలుగుతున్నామంటే అది ఆ కొద్ది గంటల్లో వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల కాపీలు దాచే ఉచిత సైట్) సేవ్ చేసినవాళ్ల పుణ్యం. పత్రికలు ఎత్తి రాసిన ముక్కల్లో వాదన మొత్తం లేదు.

అందుకే పద్ధతి ఇలా ఉండాలి: ముందు సేవ్, తర్వాతే చదవడం.

1. పేజీ అడ్రస్‌లో ప్రశ్నార్థకం నుంచి చివరిదాకా ఉన్న ట్రాకింగ్ తోకను తీసేసి, పేజీ అప్పుడూ తెరుచుకుంటోందో చూసుకోండి.
2. వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’లో పెట్టండి. ఉచిత అకౌంట్‌తో లాగిన్ అయితే స్క్రీన్‌షాట్ కూడా సేవ్ చేసే టిక్ కనిపిస్తుంది, అది పెట్టండి.
3. సేవ్ అయిన కాపీని తెరిచి చివరిదాకా స్క్రోల్ చేయండి. కుకీల బాక్సో, సబ్‌స్క్రైబ్ తెరో అడ్డం పడి వ్యాసం లేని ఉత్త పేజీ సేవ్ అవడం తరచుగా జరుగుతుంది. అలా అయితే మీ దగ్గరే పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి ఉంచుకోండి.
4. కాపీ అడ్రస్‌లో ఉండే 14 అంకెల సంఖ్యను షీట్‌లో ఎక్కించండి. మొదటి నాలుగు సంవత్సరం, తర్వాత రెండేసి చొప్పున నెల, రోజు, గంట, నిమిషం, సెకను. అది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, మన టైముకి ఐదున్నర గంటలు కలపాలి. సాయంత్రం ఆరున్నర యూటీసీ దాటితే మన తేదీ మారిపోతుంది.

హెడ్డింగులు కూడా చెప్పకుండా మారతాయి. వెబ్ అడ్రస్‌లో మాత్రం మొదటి హెడ్డింగు మాటలు చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. రెండూ పోల్చి చూస్తే పత్రిక ఎక్కడ వెనక్కి తగ్గిందో తెలుస్తుంది.

షీట్‌లో నిలువు వరసలు తొమ్మిది చాలు: నంబరు, ప్రచురణ తేదీ, పత్రిక, రాసినవారు, మాట్లాడినవారు, రకం, లింకు, దాచిన కాపీ, నమ్మకం. తేదీని 2024-06-04 పద్ధతిలోనే రాయండి. అమెరికా పత్రికలో 6/4 అంటే జూన్ నాలుగు, బ్రిటన్ పత్రికలో ఏప్రిల్ ఆరు. నమ్మకం వరసలో నాలుగే మాటలు వాడండి: అధికారికం, పేరుతో (మాట్లాడినవారి పేరు ఉంటే), ట్రేడ్ సోర్సు (ట్రేడ్ పత్రిక తన సోర్సుల మాటగా రాస్తే), పుకారు. రెండో సీజన్ పదికి బదులు ఎనిమిది ఎపిసోడ్లే అని 2023 మార్చిలో డెడ్‌లైన్ రాసింది. ఇలాంటి ఎక్స్‌క్లూజివ్‌ను ‘ట్రేడ్ సోర్సు’గా ఎక్కించి, హెచ్‌బీఓ ఒప్పుకున్న రోజు దాన్ని చెరపకుండా పక్కనే కొత్త తేదీతో ‘అధికారికం’ అని చేర్చాలి. ఏ పత్రిక మాట ఎన్నిసార్లు నిజమైందో ఏడాది తిరిగేసరికి మీ షీటే చెబుతుంది. వ్యాసం మొత్తాన్ని షీట్‌లో అతికించకండి. రెండు వాక్యాల కోట్, మీ మాటల్లో మూడు లైన్ల సారం చాలు, రాసినవాళ్ల హక్కు వాళ్లది.

సెట్ వార్తలు, రివ్యూలు

షూటింగ్ వార్తలు హాలీవుడ్ కంటే ముందు ఊరి పత్రికల్లో వస్తాయి. రోడ్డు మూసేశారని, ఎక్స్‌ట్రాలు కావాలని, కోట గోడకు రంగులేశారని రాసేది వాళ్లే. స్పెయిన్‌లో కాసెరెస్ షూటింగ్ కోసం ఎక్స్‌త్రెమదూరా ప్రాంత పత్రికలు, ఉత్తర వేల్స్, కార్న్‌వాల్ కోసం అక్కడి స్థానిక సైట్లు చూడాలి. స్పానిష్‌లో సిరీస్ పేరు ‘లా కాసా దెల్ ద్రాగోన్’ (La casa del dragón), అలర్ట్ ఆ స్పెల్లింగుతోనే పెట్టాలి. ఫొటో దొరికితే, అందులో కనిపించేది మాత్రమే రాయండి: ఫలానా నటుడు, ఫలానా ఊరు, ఫలానా రోజు. పాత్ర బతికుందా చచ్చిందా అన్నది వేరే వరస.

రివ్యూ ఎక్కించేటప్పుడు విమర్శకులు ఎన్ని ఎపిసోడ్లు చూసి రాశారో తప్పక రాయండి. రెండో సీజన్‌కి ముందుగా పంపినవి ఎనిమిదిలో మొదటి నాలుగే. ఆ రివ్యూలను సీజన్ మొత్తం మీద తీర్పుగా చూపితే చివరి ఎపిసోడ్ మీద వచ్చిన కోపం అర్థం కాదు. రివ్యూలను పోగేసి శాతం చూపే సైట్ రాటెన్ టొమాటోస్ శాతం పక్కన ఎన్ని రివ్యూల మీద వచ్చిందో, ఏ రోజు చూశారో రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు.

లీకుల గురించి వచ్చిన వార్త వేరు, లీకైన వీడియో వేరు. 2024 జులై చివర్లో ఆఖరి ఎపిసోడ్ క్లిప్పులు టిక్‌టాక్‌లోకి వచ్చాయన్న వార్తను ఎక్కించండి, ఆ క్లిప్పుకి లింకు ఇవ్వకండి. లీకు వార్తలన్నిటికీ విడిగా ఒక ట్యాబ్ ఉంచితే, ఇంకా చూడనివాళ్లకి కూడా మీ షీట్ ధైర్యంగా పంపొచ్చు.

తెలుగు పత్రికలు

తెలుగులో ఈ సిరీస్ గురించి విడి వ్యాసాలు తక్కువ. ఎక్కువగా ‘ఈ వారం ఓటీటీలో’ జాబితాల్లో ఒక లైనుగా కనిపిస్తుంది. ఆ ఒక్క లైన్ కూడా పట్టుకోవాలంటే స్పెల్లింగులన్నీ వేయాలి: హౌస్ ఆఫ్ ది డ్రాగన్, హౌస్ ఆఫ్ ద డ్రాగన్, హౌజ్ ఆఫ్ ది డ్రాగన్, హౌస్ ఆఫ్ డ్రాగన్. ఒక్కోదానికి ఒక్కో అలర్ట్. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’, ‘ప్రీక్వెల్’ రెండు మాటలూ కలిపి ఇంకొకటి. ఈ-పేపర్లో వచ్చిందైతే గూగుల్‌కి దొరకదు, ఆ పేజీ బొమ్మలా ఉంటుంది. విడుదల వారం సినిమా పేజీని చేత్తో తిప్పి చూడాలి. దొరికితే క్లిప్పింగ్ ఒక్కటే కాక పేజీ మొత్తం డౌన్‌లోడ్ చేయండి. పేజీ తల మీద తేదీ, ఎడిషన్ పేరు ఉంటాయి. హైదరాబాద్ ఎడిషన్‌లో ఉన్న ముక్క విజయవాడ ఎడిషన్‌లో లేకపోవచ్చు.