చిన్నచేతుల బడి – మూడో పాఠం: ఇసుకలో దిగబడని కాలు

చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లకు క్రిందటి పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. రెండు కిలోల సన్న ఇసుక తెచ్చి, నీళ్ళు తేటపడేదాకా కడిగి, రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, జల్లెడ పట్టి ఉంచమన్నాను. చేసినవాళ్ళు ఈ పాఠం ఇవ్వాళే మొదలుపెట్టవచ్చు. చేయనివాళ్ళు ఆ పని అయ్యాకే ముందుకు రండి, ఎందుకంటే తడి ఇసుకతో పిచ్చుకగూళ్ళు వస్తాయి కానీ ఎడారి రాదు. రాళ్ళు పొడి చేసి తయారుచేసే క్రషర్ ఇసుక తెచ్చినవాళ్ళు దాన్ని పక్కన పెట్టేయండి. అది గరుకుగా ఉంటుంది, దుమ్ము లేస్తుంది. చిన్నపిల్లల ముక్కుల దగ్గర అలాంటిది వద్దు.

ఈ వారం మనం వెళ్ళే చోటు థార్ ఎడారి. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు ఎడారి అనగానే బళ్ళలో ఒక బొమ్మ గీయిస్తుంటారు: చేతులు పైకెత్తి నిలబడ్డ పొడుగాటి కాక్టస్, పక్కన ఒంటె, వెనకాల నారింజ రంగు సూర్యుడు. ఆ పొడుగాటి కాక్టస్ పుట్టిల్లు అమెరికా, మెక్సికోల్లో ఉన్న సొనోరా ఎడారి. అక్కడ అడవి ఒంటెలు లేవు. ఒంటెలున్న థార్‌లో ఆ కాక్టస్ మొలవదు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలిపింది బొమ్మల పుస్తకాలవాళ్ళే. మన పిల్లలకైతే థార్‌లో ఇద్దరు చుట్టాలు ముందే ఉన్నారు. ఒకరు 'ఒ'కారం పక్కన కూర్చున్న ఒంటె, ఇంకొకరు దసరాకు ఆకు కోసుకొచ్చే జమ్మి చెట్టు. జమ్మి సంగతి చివర్లో చెబుతాను.

అలాగే ఆలోచించకుండా బొమ్మ చేయించే పొరపాటు నేనూ చేశాను. మొదటి ఏడాది ఒంటె బొమ్మ అచ్చులు తెచ్చి, అందరి చేతా ఒకే గోధుమరంగు వేయించి, ఇరవై రెండు ఒంటెల్ని గోడకు అంటించాను. అన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి. అమ్మలు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఒక పాప మాత్రం, "టీచర్, ఒంటె ఇసుకలో దిగబడదా?" అని అడిగింది. వాళ్ళింటి ఎదురుగా ఇల్లు కడుతున్నారు. ఆ ఇసుక కుప్ప ఎక్కితే తన కాళ్ళు మడమల దాకా దిగబడుతున్నాయట. జవాబు నాకు తెలుసు. కానీ గోడ మీదున్న ఇరవై రెండు బొమ్మల్లో ఒక్కదానిలోనూ ఆ జవాబు లేదు. అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: బొమ్మ చేయించే ముందు, ఆ బొమ్మలో ఉన్న ఒక్క 'ఎందుకు'ని పిల్లల చేతికి తగలనివ్వాలి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసింది కూడా అదే. కత్తిరింపులూ అంటింపులూ ఆ తర్వాతే.

ట్రేలో ఎడారి

అంచు ఎత్తుగా ఉన్న ట్రే కానీ, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కానీ తీసుకోండి. ఇసుక నాలుగు వేళ్ళ మందం పోయండి. కింద పాత చీర పరిస్తే, ఒలికిన ఇసుకను చీరతో సహా ఎత్తి మళ్ళీ ట్రేలో పోసుకోవచ్చు. ఒక ట్రేకి ముగ్గురు పిల్లలు చాలు. నలుగురైతే నాలుగోవాడు మిగతా ముగ్గురి మీద ఇసుక చల్లుతాడు, నా అనుభవంలో ఇది తప్పలేదు. చెప్పే నియమం కూడా ఒక్కటే ఉండాలి: ఇసుక ట్రే దాటదు. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలైతే ఇసుక బదులు వేయించిన బొంబాయి రవ్వ పోయండి. ఆట అయ్యాక దాన్ని చీమలకో పిచ్చుకలకో వేయొచ్చు.

మొదటి అయిదు నిమిషాలు ఏమీ చెప్పకండి. తవ్వనివ్వండి, పోసుకోనివ్వండి. తర్వాత ఇసుకను చదును చేసి మధ్యలో చిన్న రాయి పెట్టి, పిల్లల్ని మీ వెనకాల నిలబెట్టి, విసనకర్రతో ఒకే వైపునుంచి మెల్లగా విసరండి. రాయికి అటువైపు చాటులో ఇసుక తోకలా నిలుస్తుంది. థార్‌లో గాలి చేసే పని అదే. ఏదైనా అడ్డం వస్తే దాని చాటున ఇసుక చేరుతుంది, చేరి చేరి తిన్నె అవుతుంది. జైసల్మేర్ దగ్గర సమ్ అనే ఊరి పక్కన ఇలాంటి తిన్నెలు వరసగా ఉంటాయి. స్ట్రాతో ఊదించమని కొందరు చెబుతారు. మూడేళ్ళ పిల్లలకు స్ట్రా ఇస్తే ఊదరు, పీలుస్తారు. వద్దు.

ఆ తర్వాత అదే ఇసుకలో చూపుడువేలితో 'ఒ' రాయించండి. మన ముత్తాతలు వీధిబడిలో ఓనమాలు దిద్దింది ఇసుకలోనే కదా. తప్పు పోతే ట్రేని కాస్త ఊపితే చాలు, చెరిపేసిన గుర్తు కూడా ఉండదు. పలక మీద రాయనని మొండికేసే పిల్లలు కూడా ఇసుకలో రాస్తారు.

చపాతీ కాలు

ఈ వారం మొత్తానికి గుండెకాయ ఈ పని. తొందరపడకండి, దీనికి ఒక రోజంతా ఇవ్వండి.

కొత్తగా చెక్కిన పెన్సిళ్ళు రెండు, ఒకే పొడవువి, తీసుకోండి. ఒక పెన్సిల్ వెనక కొసకు వాటర్ బాటిల్ మూతను బంకమట్టితో అంటించండి. రెండో దానికి ఏమీ పెట్టొద్దు. ట్రేలో ఇసుకను వేళ్ళతో కెలికి గుల్ల చేయండి. ఇది మరిచిపోతే అణిగిపోయిన ఇసుకలో ఏ పెన్సిలూ దిగదు, మీ పాఠం అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు పిల్లల చేతికి రెండు పెన్సిళ్ళూ ఇచ్చి, వెనక కొస కిందికి ఉండేలా, నిలువుగా నొక్కమనండి. మూత లేనిది ఇసుకలోకి జారిపోయి ట్రే అడుగుకు టక్కున తగులుతుంది. మూత ఉన్నది పైనే నిలబడుతుంది, బలంగా నొక్కితే కొంచెం దిగుతుంది. చెక్కిన మొన ముఖాల వైపు రాకుండా మీరు దగ్గరే ఉండండి.

ఇక్కడ టీచర్లు చేసే తప్పు ఒకటుంది. పిల్ల నొక్కకముందే, "చూశావా, వెడల్పుగా ఉంటే దిగబడదు" అని చెప్పేస్తారు. చెప్పకండి. నోరు కట్టేసుకోండి. "ఏమైంది?" అని మాత్రం అడగండి. మళ్ళీ మళ్ళీ నొక్కనివ్వండి. వీలైతే బయట ఇసుక కుప్ప మీద మునివేళ్ళ మీద ఒకసారి, పాదం మొత్తం ఆనించి ఒకసారి నిలబెట్టండి. కాలికి తెలిసిన సంగతి నోటికి రావడానికి ఒక రోజు పట్టవచ్చు.

అప్పుడు ఒంటె పాదం ఫొటో చూపించండి. ఒంటెకు ఆవులా గట్టి గిట్ట ఉండదు. ముందు రెండు వేళ్ళు, కింద మెత్తటి వెడల్పాటి అరికాలు. బరువు పడగానే ఆ అరికాలు ఇంకాస్త పరుచుకుంటుంది. మా దగ్గర ఒక బాబు దానికి 'చపాతీ కాలు' అని పేరు పెట్టాడు. ఆ పేరే మా బడిలో ఉండిపోయింది, మీరూ వాడుకోండి.

గుడ్ల ట్రే ఒంటె

ఇప్పుడు బొమ్మ. కోడిగుడ్ల అట్ట ట్రే ఒకటి కావాలి. గుడ్డు పగిలి సొన అంటిన ట్రే అయితే పారేయండి, శుభ్రంగా ఉన్నదాన్నీ ఒక పూట ఎండలో పెట్టండి. గుంతల్ని విడివిడిగా మీరే కత్తిరించి పెట్టుకోండి. ఆ అట్ట మందంగా ఉంటుంది, పిల్లల కత్తెరకు తెగదు. ఒక గుంతను బోర్లిస్తే మూపురం. ఒకటే చాలు, థార్ ఒంటెకు ఒకటే మూపురం. రెండు మూపురాల ఒంటెలు మన దేశంలో లద్దాఖ్‌లోని నుబ్రా లోయలో ఉన్నాయి.

రంగుకు నీళ్ళరంగులు కొననక్కర్లేదు. మిగిలిపోయిన టీ డికాక్షన్ చల్లార్చి, దూదితో అద్దిస్తే ఒక్కో ఒంటె ఒక్కో ఛాయలో వస్తుంది. కాళ్ళకు బట్టల క్లిప్పులు రెండు, ముందొకటి వెనకొకటి. ఒక్కో క్లిప్పుకు రెండు కాళ్ళు. ఆ క్లిప్పు నొక్కి తెరవడం పిల్లలకు కష్టంగానే ఉంటుంది. అయినా మీరు పెట్టేయకండి. రేపు పెన్సిల్ పట్టుకోవలసిన వేళ్ళకు బలం వచ్చేది ఇలాంటి పనులతోనే. మెడకు చార్ట్ ముక్క వంచి అంటించండి. కళ్ళకు రెండు వరసల రెప్పవెంట్రుకలు గీయమనండి. ఇసుక గాలి నుంచి కన్ను కాపాడేవి అవే. ముక్కు రంధ్రాలు మూసుకోగలదని చెబితే పిల్లలందరూ ముక్కులు మూసుకుని చూస్తారు, చూడనివ్వండి.

మూపురం బోలుగా ఉంది కదా, లోపల పసుపురంగు బంకమట్టి ముద్ద కూరించండి. మూపురంలో నీళ్ళుంటాయని చాలామంది పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. ఉండేది కొవ్వు. మేత దొరకనప్పుడు ఒంటెను నడిపించేది అదే. మరి నీళ్ళో? బాగా దప్పికగొన్న ఒంటె ఒక విడతలో దాదాపు 100 లీటర్లు తాగేస్తుంది. పిల్లలకు లీటర్లు తెలియవు, ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ తెలుసు. అయిదు ఖాళీ క్యాన్లు వరసగా పెట్టి చూపించండి. లెక్కపెట్టడమూ అయిపోతుంది.

చివరికి ఒంటెను ఇసుక ట్రేలో నిలబెట్టమనండి. సన్నటి క్లిప్పు కొసలు దిగబడి ఒంటె కూలబడుతుంది. కూలబడనివ్వండి! ఏం చేద్దామని అడగండి. నిన్న పెన్సిల్ నొక్కిన పిల్లల్లో ఎవరో ఒకరు బాటిల్ మూత వెతుక్కుంటూ వెళతారు. అందుకే నాలుగు అట్ట బిళ్ళలు ముందే కత్తిరించి, కనపడేలా, కానీ ఏమీ చెప్పకుండా బల్ల మీద పెట్టి ఉంచండి. ఫెవికాల్‌తో చపాతీ కాళ్ళు అంటించుకున్నాక ఒంటెలన్నింటినీ వరసగా నిలబెడితే బిడారు. మొదటిది ఏది, చివరిది ఏది, ఎవరిది పొడుగు అనే మాటలు వాటంతటవే వస్తాయి.

గోడ మీద వాన

ఇది పది నిమిషాల పని. గోడకు పొడుగాటి కాగితం అంటించి, నేలనుంచి 20, 55, 80 సెంటీమీటర్ల దగ్గర మూడు నీలం గీతలు గీయండి. ఏడాదంతా పడ్డ వాన ఇంకకుండా, ఆవిరి కాకుండా నిలిస్తే జైసల్మేర్‌లో సుమారుగా మొదటి గీత దాకా, అనంతపురంలో రెండో గీత దాకా, హైదరాబాద్‌లో మూడో గీత దాకా వస్తుంది. నాలుగేళ్ళ పిల్లను పక్కన నిలబెట్టండి. జైసల్మేర్ వాన మోకాలికి కూడా రాదు, అనంతపురం వాన నడుం దగ్గరికి వస్తుంది, హైదరాబాద్ వాన భుజాల దాకా. "ఎడారి అంటే ఇసుక" అని నేర్చుకున్న పిల్లలు ఇక్కడ ఎడారి అంటే వాన లేకపోవడమని తెలుసుకుంటారు.

జమ్మి, జెముడు

రెండు తడిగుడ్డ ముక్కలు తీసుకుని ఒకదాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, రెండోదాన్ని విప్పి ఎండలో పెట్టండి. అన్నం వేళకు తాకి చూడమనండి. జెముడు మొక్కల మందపాటి మైనపు తోలు చేసే పని అదే, నీటిని లోపలే దాచుకోవడం. చూపించడానికి నిజం జెముడు కొమ్మ మాత్రం తరగతిలోకి తేవద్దు. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

జమ్మి కొమ్మ తేవచ్చు, ముళ్ళు తీసేసి. రాజస్థాన్‌లో దీన్ని ఖేజ్‌డీ అంటారు, అక్కడ రాష్ట్ర వృక్షం. 2014 నుంచి తెలంగాణకూ ఇదే రాష్ట్ర వృక్షం. చిన్న చిన్న ఆకులు అంటించి చెట్టు చేయించండి, కింద వేరు కోసం ఊలు దారం ఇవ్వండి. చెట్టు కంటే వేరు పొడుగ్గా, కాగితం అంచు దాకా వెళ్ళాలి. నీళ్ళ కోసం అది అంత లోతుకు దిగుతుంది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లను కొట్టనివ్వకుండా చెట్లనూ జంతువులనూ కాపాడడం నియమంగా పాటించే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారు. ఆ కథ మీరు తెలుసుకుని ఉండండి. నాలుగేళ్ళవాళ్ళకు చెప్పకండి.

మీ అభ్యాసం

పిల్లల ముందుకు వెళ్ళేముందు చపాతీ కాలు పని మీరొక్కరే మూడుసార్లు చేసి చూడండి. ఇసుక ఎంత గుల్లగా ఉంటే తేడా బాగా తెలుస్తుందో మీ చేతికి తెలియాలి. తర్వాత ఒక కాగితం మీద మీరు ఇదివరకు చేయించిన బొమ్మ ఏదైనా, చేపో సీతాకోకచిలుకో, పేరు రాసి, దానిలోని 'ఎందుకు' ఏమిటో, దాన్ని పిల్లల చేతికి ఎలా తగిలిస్తారో రెండు వాక్యాల్లో రాసుకోండి. ఏమీ తోచకపోతే ఆ బొమ్మ ఈసారికి మానేయండి.

నాలుగో పాఠం ఎడారి రాత్రి గురించి. దానికి ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు, ఒక టార్చి, నల్ల గుడ్డ ఒకటి కావాలి. ట్రేలో ఇసుక పారబోయకండి, గ్లాసుల్లో ఒకదానిలోకి అదే వెళుతుంది.