ఇంటి నెట్ మనమే చూసుకుందాం – 3వ పాఠం: లైట్లు చదవడం

పోయిన పాఠంలో ఇంటికి నెట్ ఇచ్చే డబ్బా (రూటర్) వెనక ఏ వైరు ఎక్కడికి పోతుందో చూశాం. ఈసారి ముందువైపుకు వద్దాం.

నెట్ ఆగిందంటే మన దగ్గర అందరూ చేసే మొదటి పని, స్విచ్ ఆపి మళ్లీ వేయడం. అందులో తప్పేం లేదు, చాలాసార్లు దానితోనే వచ్చేస్తుంది. కాకపోతే ఆపే ముందు లైట్లు ఒకసారి చూడండి, వీలైతే ఫోన్‌తో ఫొటో తీయండి. ఎక్కడ తెగిందో చెప్పేవి అవే. ఆపి వేశాక ఆ ఆధారం పోతుంది.

ఫైబర్ డబ్బా మీద మామూలుగా పవర్, పాన్ (PON), లాస్ (LOS), ఇంటర్నెట్, వైఫై అని లైట్లు ఉంటాయి. కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి.

ఒక్క లైటూ వెలగకపోతే అడాప్టర్ దగ్గర మొదలుపెట్టండి. దాని మీద 12 వోల్ట్, 1 ఆంప్ లాంటి అంకెలుంటాయి. పిన్ను సరిపోయింది కదా అని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ తెచ్చి గుచ్చితే ఆంప్ చాలక డబ్బా ఊరికే ఆగి ఆగి మొదలవుతుంటుంది, వోల్టేజీ ఎక్కువైతే కాలిపోతుంది కూడా. ఎండాకాలం గాలివానకు ఉరుములు మొదలవగానే ప్లగ్ పీకేయడం మంచిది. ఫైబర్‌లోని గాజు పోగులో కరెంటు పారదు గానీ అడాప్టర్ వైరులో, డబ్బా నుంచి కంప్యూటర్‌కు పోయే లాన్ వైరులో పారుతుంది.

ఇక అసలు సంగతి, లాస్ లైటు. అది ఎర్రగా వెలిగినా, కొట్టుకుంటున్నా మీ డబ్బాకు బయటి నుంచి వెలుగు చేరట్లేదని అర్థం. ఫైబర్‌లో నడిచేది వెలుగే, మన కంటికి కనపడని పరారుణ వెలుగు. కనపడదు కదా అని ఊడదీసిన వైరు మొనలోకి కన్ను పెట్టి చూడకండి, కంటికి దెబ్బ.

ముందు ఇంట్లో వెతకండి. టీవీ వెనక, బీరువా సందులో, కిటికీ రెక్క కింద ఆ సన్న వైరు ఎక్కడైనా మడత పడిందా? మడత దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. మిగిలిన వైరును చుట్టి పెట్టాల్సి వస్తే ఆ చుట్టలో మన నల్గొండ బత్తాయి ఒకటి పట్టాలి, అంతకన్నా బిగువుగా చుట్టొద్దు. తర్వాత డబ్బాలోకి పోయే ఆకుపచ్చ కనెక్టర్‌ను 'టక్' మనేదాకా లోపలికి నొక్కండి. దాని తెల్ల మొనను వేలితో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు చాలు, వెలుగు తగ్గిపోవడానికి.

అయినా ఎరుపు పోలేదంటే తేడా ఎక్కువగా బయటే ఉంటుంది. కాలనీల్లో కోతులు వైర్లు పట్టుకుని ఊగుతాయి. వరికోతలప్పుడు గడ్డి లోడు ట్రాక్టర్ కిందికి వేలాడే వైరును లాక్కుపోతుంది. వినాయక నిమజ్జనం నాడు ఎత్తు విగ్రహం పోవాలని కర్రతో వైర్లు పైకి ఎత్తుతారు. వీటిలో ఏది జరిగినా ఇంట్లో కూర్చుని మనం చేసేదేం లేదు, లైన్‌మ్యాన్‌కు ఫోన్ కొట్టడమే. ఆ ఫోన్ ఎట్లా చేస్తామన్నదే ముఖ్యం. "అన్నా, నెట్ వస్తలేదు" అంటే అటు నుంచి వచ్చే జవాబు "ఆపి వేయండి అక్కా" అనే. "అన్నా, లాస్ ఎర్రగ కొట్టుకుంటుంది. ఇంట్ల వైరు మొత్తం చూసిన, మడత లేదు" అని చెప్పి చూడండి. ఫైబర్ అతికే మిషన్ వెంట పెట్టుకునే బయల్దేరతారు.

లాస్ ఆరిపోయి పాన్ కొట్టుకుంటుంటే వెలుగు వస్తోంది గానీ అవతల నెట్ కంపెనీ దగ్గరున్న మిషన్ మీ డబ్బాను ఇంకా ఒప్పుకోలేదని. ఐదు నిమిషాలు ఆగండి. డబ్బా కొత్తగా మార్చి ఉంటే దాని సీరియల్ నంబర్ వాళ్ల దగ్గర ఎక్కించాల్సి ఉంటుంది.

పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే, లేదా ఎర్రగా ఉంటే వైరు జోలికి పోకండి. అది ఎక్కువగా లాగిన్ గొడవ. రీఛార్జ్ అయిపోయిందేమో ముందు చూడండి. నవ్వొస్తుంది గానీ చాలా ఇళ్లలో కారణం ఇదే.

ఇక్కడే చాలామంది పిన్నీసు తీసుకుని రీసెట్ రంధ్రంలో గుచ్చుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. స్విచ్ ఆపి వేస్తే లోపల రాసుకున్నవి అట్లాగే ఉంటాయి. రీసెట్ కొడితే లైన్‌మ్యాన్ ఎక్కించిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పుడు లైన్ బాగుపడినా మీకు నెట్ రాదు, మళ్లీ ఆయన రావాల్సిందే.

అన్ని లైట్లూ బాగుండి ఫోన్‌లో మాత్రం రాకపోతే బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి, అది డబ్బా అడ్రస్. కొన్ని డబ్బాలకు 192.168.0.1 ఉంటుంది, వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. లాగిన్ పేజీ తెరుచుకుందంటే ఫోన్‌కూ డబ్బాకూ మధ్య వైఫై బాగానే ఉంది.

ఈ వారం పని: నెట్ బాగా నడుస్తున్నప్పుడే ముందు లైట్లది ఒకటి, వెనక స్టిక్కర్‌ది ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మెసేజ్ పెట్టమని లైన్ ఇచ్చినాయనను అడగండి. వచ్చే పాఠంలో, లైట్లన్నీ బాగున్నా వెనక గదిలో వీడియో ఎందుకు తిరుగుతూ ఉంటుందో చూద్దాం.