ఏఐ అసిస్టెంట్‌కు టూల్ వివరణ ఎలా రాయాలి? కాశీబుగ్గ జీడిపప్పు కొట్టు నేర్పిన సంగతులు

కాశీబుగ్గలో మా మావయ్యది జీడిపప్పు వ్యాపారం. ఫోన్‌కు వచ్చే ధరల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఒక ఏఐ అసిస్టెంట్ తయారుచేసి పెట్టాను. రెండో రోజే ఉద్దానం రైతు ఒకాయన "బస్తా ఎంతకి కొంతన్నారు?" అని అడిగితే, కిలో పప్పు అమ్మకం ధర చెప్పేసింది. ఆయన అడిగింది 80 కిలోల పిక్కల (పెంకు తీయని జీడిగింజల) బస్తా గురించి. "నీ మిషనుకి పిక్కకీ పప్పుకీ తేడా తెలీదేటిరా?" అన్నాడు మావయ్య.

తెలీదు మరి. టూల్ వివరణలో నేను రాసింది రెండే మాటలు: "ధర చెబుతుంది."

టూల్ అంటే అసిస్టెంట్ అడిగినప్పుడు మన వైపు నడిచే చిన్న ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంలో ఏముందో అసిస్టెంట్‌కు కనపడదు, మన ధరల పట్టికా కనపడదు. దాని ముందు ఉండేవి మూడే: టూల్ పేరు, వివరణ, ఇవ్వాల్సిన వివరాల జాబితా (వీటినే పారామీటర్లు అంటారు). ఆ మూడూ చదివే ఏ టూల్‌ను పిలవాలో తేల్చుకుంటుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ తెచ్చిన ఎంసీపీ (అసిస్టెంట్లకు టూల్స్ కలపడానికి ఒక ఉమ్మడి పద్ధతి) ద్వారా టూల్ కలిపినా అంతే.

రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. జనం నిజంగా పంపిన ప్రశ్నలు ఓ ముప్పై పోగెయ్యండి. మావయ్య ఫోన్‌లో వెతికితే సగం మంది "పప్పు" అన్న మాటే వాడలేదు. "పెద్దది ఎంత", "బద్ద ఉందా", ఇలాగే అడిగారు. బద్ద అంటే చీలిన పప్పు.

తర్వాత పేర్లు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింద గీత వాడితే చాలు. పేరులో ఖాళీ వదలకండి. 'ధర' అని ఒక్క టూల్ పెట్టే బదులు 'పప్పు అమ్మకం ధర', 'పిక్కల కొనుగోలు ధర' అని అర్థం వచ్చేలా రెండు పెట్టాను. సగం గొడవ అక్కడే తీరింది.

అసలు పని వివరణ. మూడు నాలుగు వాక్యాలైనా ఉండాలి. ఏం చేస్తుంది, ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పిలవకూడదు, తిరిగి ఏమిస్తుంది. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, నేనూ వదిలేశాను. ఇప్పుడు నాది ఇలా ఉంది:

"ఈరోజు కొట్టులో అమ్మే జీడిపప్పు ధరను కిలోకు రూపాయల్లో ఇస్తుంది. కొనేవాళ్ళు పప్పు ధర అడిగినప్పుడు వాడాలి. రైతులు అమ్మే పిక్కలకు వాడకూడదు, వాటికి పిక్కల కొనుగోలు ధర టూల్ ఉంది. రవాణా ఖర్చు ఇందులో కలవదు. ఆ రకం సరుకు లేకపోతే 'నిల్వ లేదు' అని వస్తుంది. అప్పుడు ధర ఊహించి చెప్పకూడదు."

ఆ చివరి వాక్యం లేనప్పుడు, సరుకు లేని రకానికి కూడా ఏదో ఒక ధర కల్పించి మర్యాదగా చెప్పేది.

పారామీటర్ల దగ్గర బద్ధకించకండి. ప్రతిదానికీ ఒక వాక్యం రాయండి, కొలత ఏమిటో చెప్పండి. 'పరిమాణం' అని వదిలేస్తే కిలోలా, బస్తాలా? 'పరిమాణం, కిలోల్లో' అనాలి. తేదీ అయితే సంవత్సరం, నెల, రోజు ఏ వరుసలో కావాలో ఒక ఉదాహరణతో చూపండి, లేకపోతే 04-03 ఏప్రిలో మార్చో తేలదు. గ్రేడు మరీ తికమక. 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గింజలు, 240 అంటే 220 నుంచి 240. అంకె పెరిగే కొద్దీ గింజ చిన్నదవుతుంది. వ్యాపారంలో ఉన్నవాడికి ఇది పుట్టుకతో తెలిసిన సంగతి కాబట్టే రాయడం మర్చిపోతాడు. "అంకె తగ్గితే గింజ పెద్దది. కొనేవారు 'పెద్దది' అంటే ఏ గ్రేడో అడిగి తెలుసుకోవాలి" అని రాశాను. గ్రేడును ఇష్టమొచ్చినట్టు నింపనివ్వకుండా, మన దగ్గరున్న రకాలనే జాబితాగా ఇచ్చి వాటిలోంచే ఎంచుకోమన్నాను.

ధర చూడటం వేరు, ఆర్డరు రాయడం వేరు. ఆర్డరు టూల్ వివరణలో "ఇది నిజంగా ఆర్డరు నమోదు చేస్తుంది. రకం, కిలోలు, మొత్తం సొమ్ము చెప్పి, కొనేవారు సరే అన్నాకే పిలవాలి" అని ఉండాలి. దాన్నే నమ్ముకోకుండా, సరే అనే బటన్ నొక్కితేనే ప్రోగ్రాం ముందుకు కదిలేలా కూడా కట్టాను.

అలాగని పురాణం రాయొద్దు. ప్రతి సంభాషణలోనూ ఈ వివరణలన్నీ మోడల్‌కు (అసిస్టెంట్‌ను నడిపించే ఏఐకి) వెళ్తాయి, ఆ మేరకు ఖర్చు పెరుగుతుంది. కొట్టు ఎప్పుడు పెట్టారో, తాతగారి పేరేమిటో అక్కర్లేదు.

చివరగా, పోగేసిన ఆ ముప్పై ప్రశ్నలూ వేసి, ఏ ప్రశ్నకు ఏ టూల్‌ను పిలిచిందో, అందులో ఏం నింపిందో చూడండి. తప్పు పిలిస్తే ముందు వివరణే దిద్ది, మళ్ళీ మొత్తం ముప్పైనీ వెయ్యండి. ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడుతుంది. నాకు నాలుగుసార్లు పట్టింది.

"మొన్నటి రేటుకే ఇస్తారా?" అన్న బేరానికి మాత్రం టూల్ పెట్టలేదు. అది నేరుగా మావయ్య ఫోన్‌కే వెళ్తుంది.