జాతీయ జట్టు నుంచి టర్ఫ్ వ్యాపారంలోకి: నెల్లూరు, ఒంగోలు ఆటగాళ్లకు లెక్కలు

దేశానికి ఆడి రిటైరైన ఫుట్‌బాలర్ మన ఊళ్లో టర్ఫ్ (గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం) పెడితే మొదటి నెల జనం పేరు చూసి వస్తారు. తర్వాత వ్యాపారం లీజు కాగితం మీద, వాన నీళ్లు పోయే వాలు మీద ఆధారపడుతుంది. డబ్బు పెట్టకముందే ఈ రెండూ తేల్చుకోండి.

జట్టుకు ఐదుగురు ఆడే మైదానం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు 20 సెంట్లు, నెల్లూరు లెక్కలో 120 అంకణాలు. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో అందులో సగమే. బేరంలో ఏ అంకణమో అడగండి. బండ్లు పెట్టుకునే చోటుతో కలిపి 30 సెంట్లు చూడాలి.

గడ్డి బాగా చూసుకుంటే ఆరేడేళ్లు మన్నుతుంది. మూడేళ్ల లీజు మీద పరిస్తే పెట్టుబడి తిరిగి రాకముందే ఖాళీ చేయమంటారు. తొమ్మిదేళ్లకు రాయించుకోండి. ఏడాది దాటిన లీజు కాబట్టి రిజిస్టర్ చేయించాల్సిందే. స్థలం స్నేహితుడిది, పేరు మీది అయితే పేరు, ఫొటో ఎన్నాళ్లు వాడుకోవచ్చో విడిగా ఒప్పందం రాయండి. లేదంటే మీరు తప్పుకున్నాక కూడా బోర్డు మీద మీ పేరే ఉంటుంది, తగాదా వస్తే మాట మీకే వస్తుంది.

అసలు పని నేల కింద ఉంటుంది. ఒంగోలు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. దాని మీదే కంకర పోస్తే ఏడాదిలో గుంటలు పడతాయి. పై మన్ను కనీసం అడుగున్నర తీసి గ్రావెల్ నింపండి. ఆరంగుళాలకొక పొరగా తడిపి రోలర్ తిప్పించండి. ఆపైన 40 ఎంఎం కంకర, 20 ఎంఎం కంకర, చివర క్రషర్ డస్ట్. మధ్య గీత నుంచి రెండు పక్కలకూ 10 సెంటీమీటర్ల వాలు, అంచుల్లో కాలువ ఉండాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కనుక ఆగస్టులోపు ముగించండి.

గడ్డి ఎత్తు 50 ఎంఎం తీసుకుంటే చదరపు మీటరుకు సుమారు 15–20 కిలోల సిలికా ఇసుక, పైన రబ్బరు గుళికలు పడతాయి. సిలికా గూడూరు పక్క చిల్లకూరులో దొరుకుతుంది. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు ఇనుమును తినేస్తుంది. మైదానం 8,600 చదరపు అడుగులు కాబట్టి గడ్డి ధరలో అడుగుకు ఒక్క రూపాయి తేడా అంటే మొత్తం మీద 8,600 రూపాయలు. జిగురు, అతుకు పట్టీ అందులోనే ఉన్నాయో లేదో అడగండి.

వలలు తాడు, కప్పీతో దించేలా కట్టించండి. తుపాను గాలికి వల తెరచాపలా నిండి స్తంభాలను వంచేస్తుంది. ఇక్కడ రాత్రి బుకింగులు ఎక్కువగా క్రికెట్‌వే, కాబట్టి టెన్నిస్ బంతి దూరని సన్న కన్నుల వల కావాలి. క్రీజు చోట గడ్డి త్వరగా అరుగుతుంది, అక్కడ మ్యాట్ వేయండి.

మీ పేరు నిజంగా పనికొచ్చేది పిల్లల కోచింగ్‌లో. 2011లో అంతర్జాతీయ ఆట వదిలిన భారత జట్టు మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియా కూడా తన పేరుతో ఫుట్‌బాల్ స్కూళ్లు నడిపారు. అయితే ఆడటం వేరు, నేర్పడం వేరు. కోచ్‌లకిచ్చే డి లైసెన్సుతో మొదలుపెట్టి సి, బి మెట్లెక్కండి.

మే నెలలో మధ్యాహ్నం గడ్డి మీద కాలు పెట్టలేం. అమ్ముకోదగ్గవి ఉదయం 6–8, సాయంత్రం 5–11, మొత్తం 8 గంటలు. గంటకు 800 అనుకుని సగమే నిండితే నెలకు 96,000. గడ్డికి 9 లక్షలు అయిందనుకుంటే ఆ రాబడిలోంచి నెలకు 12,500 వేరే ఖాతాలో వేయండి, 72 నెలలకు కొత్త గడ్డి డబ్బు సిద్ధంగా ఉంటుంది. కోచింగ్ ఫీజులతో కలిపి రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించాలి.