గీసే ముందు గడులు లెక్కపెట్టండి

ఫాంట్‌స్ట్రక్ట్ లాంటి ఆన్‌లైన్ టూల్‌లో ఇటుకలు (ఒక్కో గడిలో పెట్టే చిన్న ముక్కలు) పేర్చి ఇంగ్లిష్ ఫాంట్ చేయాలనుకుంటే, ముందు అక్షరం ఎత్తు ఎన్ని గడులో తేల్చుకోండి. గీత మందం ఒక ఇటుకైతే ఎత్తు బేసి సంఖ్యే ఉండాలి: 5, 7 లేదా 9. పెద్ద 'ఈ' (E) అక్షరం చూడండి. మూడు అడ్డగీతలు, వాటి మధ్య రెండు ఖాళీలు. ఎత్తు 7 అయితే గీతలకు 3 పోగా మిగిలిన 4 గడులు చెరి రెండుగా సరిపోతాయి. 8 పెట్టుకున్నారంటే ఒక ఖాళీ 2, ఇంకోటి 3 అవుతుంది. చిన్న గ్రిడ్‌లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బీ, ఎస్‌లకూ ఇదే చిక్కు. వెడల్పు విషయంలో టీ, చిన్న ఎం కూడా ఇంతే. మందం రెండు ఇటుకలైతే మాత్రం సరి సంఖ్య తీసుకోవాలి.

గ్రిడ్ బాగా పెద్దదైతే మధ్య గీతను కావాలనే ఒక గడి పైకి జరపండి. సరిగ్గా మధ్యలో ఉన్న గీత కంటికి కిందికి జారినట్టు అనిపిస్తుంది.

ఇక 'ఏ' (A) నుంచి వరుసగా గీయకండి. చిన్న ఎన్ (n), ఓ (o) ముందు చేసి, పక్కపక్కన టైప్ చేసి చూడండి. 'ఓ' అక్షరం మూలలు గుండ్రంగా ఉంటే దాని పక్క ఖాళీ కాస్త తగ్గించాలి.