ఘాట్ రోడ్డు మీద సైకిల్ – నాలుగో పాఠం: కనుమ దిగడం

పోయిన పాఠంలో ఎక్కడం గురించి చెప్పుకున్నాం. పక్కవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడగలిగేంత నిదానంగా ఎక్కమన్నాను. ఎంతమంది విన్నారో గానీ, అందరూ పైదాకా చేరారనే అనుకుందాం. కనుమ బోర్డు పక్కన ఫొటో కూడా అయిపోయింది. ఇక దిగడమేగా, తొక్కే పని కూడా లేదు అనిపిస్తుంది. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే ఆయాసం వస్తుంది. దిగేటప్పుడు తప్పు చేస్తే మోకాలి చర్మం రోడ్డుకి ఇచ్చి రావాలి. అందుకే ఈ పాఠం కాస్త పెద్దది.

ముందు జాకెట్ సంగతి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఇటలీలో స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు. ప్రాతో ఊరి వైపు నుంచి దాదాపు 1,800 మీటర్లు ఎక్కాలి. కింద 25 డిగ్రీలుంటే పైన 13 దగ్గర ఉంటుంది. ఎక్కినంతసేపూ కారిన చెమట ఒంటి మీదే ఉంది, దిగేటప్పుడు కాళ్లకి పని లేదు కాబట్టి ఒంట్లో వేడి పుట్టదు, పైగా ఎదురుగా గంటకి 50 కిలోమీటర్ల గాలి. వణుకు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఎంత నొక్కుతున్నామో మనకే తెలియదు. కాబట్టి చలి వేశాక కాదు, పైన ఆగినప్పుడే, ఇంకా వెచ్చగా ఉండగానే జాకెట్ వేసుకుని జిప్పు మెడదాకా లాగండి. వేళ్లన్నీ కప్పే గ్లౌజులు జేబులో ఉంటే ఇంకా మంచిది.

రేసు సైకిళ్ల హ్యాండిల్ కొసలు కిందికి వంగి ఉంటాయి కదా, చేతులు ఆ కింది వంపులోకి రావాలి. చాలామంది భయంతో పైనే పట్టుకుంటారు, కిందికి వంగితే ముందుకి పడిపోతామేమో అని. నిజానికి వంపులో పట్టుకుంటే ఒళ్లు కిందికి వస్తుంది, గుంత తగిలినా చెయ్యి జారదు, బ్రేకు లీవరు కొస వేళ్లకి అందుతుంది. లీవరుని కొస దగ్గర లాగితే తక్కువ బలంతోనే గట్టిగా పడుతుంది. ఒకటో రెండో వేళ్లు లీవరు మీద, మిగతావి హ్యాండిల్ చుట్టూ. మోచేతులు కర్రల్లా బిగించొద్దు.

ఇప్పుడు అసలు విషయం, బ్రేకు.

నా మొదటి పెద్ద దిగుడులో నేను పైనుంచి సగం దారిదాకా రెండు బ్రేకులూ వదలకుండా పట్టుకునే ఉన్నాను. జాగ్రత్తగా దిగుతున్నానని నా లెక్క. చేతులు నొప్పెట్టి పక్కకి ఆపి, ఏదో కాలుతున్న వాసన వస్తోందని చక్రం అంచు, అంటే రిమ్ము మీద వేలు పెట్టాను. పెట్టిన చోట బొబ్బ లేచింది. ఆ బొబ్బ నేర్పినంత బాగా నాకు ఎవరూ నేర్పలేదు.

ఎందుకు కాలింది? మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకోండి. వెయ్యి మీటర్ల ఎత్తు దిగితే సుమారు 780 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు మరిగించడానికి సరిపోయే వేడి అది. దీన్ని మోసేవి ముఖ్యంగా రెండే: ఎదురుగాలి, బ్రేకు. నత్తనడకన దిగితే గాలి మోసేది దాదాపు ఏమీ ఉండదు, భారమంతా బ్రేకు మీదే. రిమ్ముని పట్టే రిమ్ బ్రేకులైతే ఆ వేడికి లోపలి ట్యూబు పేలిపోవచ్చు. చక్రం మధ్యలోని పలకని పట్టే డిస్క్ బ్రేకులైతే పట్టు తగ్గుతుంది, లీవరు నొక్కినా సైకిల్ ఆగనంటుంది.

కాబట్టి తిన్నని రోడ్డులో వదిలెయ్యండి. గాలి తన వంతు తీసుకుంటుంది, రిమ్ములు చల్లబడతాయి. మలుపు వచ్చే ముందు కొద్దిసేపు గట్టిగా పట్టి, మళ్లీ పూర్తిగా వదలండి. వదలమన్నాను కదా అని హద్దు లేకుండా వదలొద్దు. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. 30 వేగంలో 10 మీటర్లలో ఆగగలిగితే 60లో 40 మీటర్లు కావాలి. కంటికి కనిపించే రోడ్డు ఎంతుందో అందులోనే ఆగగలిగే వేగం, మీ హద్దు అదే.

ముందు బ్రేకుకి భయపడేవాళ్లు వెనకదాన్నే నమ్ముకుంటారు. బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వాలులో ఇంకా ఎక్కువ. వెనక చక్రం తేలికైపోయి ఊరికే జారుతుంది. ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా లాగకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించండి. అదే సమయంలో నడుము సీటు మీద కొంచెం వెనక్కి జరపండి. వాన పడితే రిమ్ బ్రేకు వెంటనే పట్టదు, మొదట నీళ్లు తుడుచుకోవాలి. అందుకని అలవాటైన చోటు కంటే చాలా ముందే మొదలుపెట్టాలి.

ఒక హెయిర్‌పిన్ మలుపుని, అంటే రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే వంపుని, నిదానంగా చూద్దాం. స్టెల్వియోలో ప్రాతో వైపు ఇలాంటివి 48 ఉన్నాయి, ప్రతిదానికీ నంబరు. పైన ఒకటి, కింద 48, కాబట్టి దిగేవాళ్లకి లెక్క పెరుగుతూ పోతుంది. మీరు 12వ మలుపుకి వస్తున్నారు. సైకిల్ ఇంకా నిలువుగా ఉంది. రోడ్డులో మీ వైపు బయటి అంచుకి దగ్గరగా ఉన్నారు. బ్రేకు పట్టారు, బయటికి వచ్చాక తొక్కడానికి వీలుగా గేరు తగ్గించారు. ఇక వంగబోయే ముందు బ్రేకు పని అయిపోవాలి. వంగి ఉన్నప్పుడు టైరుకి ఉన్న పట్టంతా తిరగడానికే కావాలి, అందులో బ్రేకుకి వాటా ఇస్తే జారుతుంది.

బయటి పక్క పెడల్ కిందికి దించి దాని మీద నిలబడబోతున్నట్టు బరువు వెయ్యండి. లోపలి పెడల్ పైన ఉండాలి, లేకపోతే రోడ్డుకి గీసుకుంటుంది. లోపలి పక్క చేత్తో హ్యాండిల్‌ని కొద్దిగా ముందుకి నెట్టండి. ఎడమకి తిరగాలంటే ఎడమ చేత్తో నెట్టడం వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ, సైకిల్ ఎడమకే వంగుతుంది. నమ్మకపోతే ఖాళీ మైదానంలో చేసి చూడండి. లోపలి అంచుకి తొందరపడి చేరొద్దు, అవతల ఏముందో కనిపించాకే చేరండి. ముందే చేరితే బయటికి వచ్చేసరికి ఎదుటివాళ్ల వైపు తేలుతారు, అక్కడ బస్సు ఉండొచ్చు.

ఇక కళ్లు. రెయిలింగు వైపు చూస్తే రెయిలింగు దగ్గరికే వెళ్తాం. వేగం ఎక్కువైందని మధ్యలో గుండె జారినప్పుడు ఇది మరీ నిజం. అప్పుడు ముందు చక్రం బ్రేకు బిగించకుండా, బయటికి పోయే దారి వైపు తల తిప్పి, ఇంకొంచెం వంగండి. పొడి రోడ్డు మీద టైరు మన ధైర్యం కంటే ఎక్కువే వంగుతుంది.

తిన్నని చోట హ్యాండిల్ గజగజ ఊగడం మొదలైతే పట్టు బిగించొద్దు. రెండు మోకాళ్లతో ఫ్రేము పై గొట్టాన్ని నొక్కిపట్టి, సీటు మీద బరువు కాస్త తేలిక చేసి, మెల్లగా వేగం తగ్గించండి. అన్నట్టు, టీవీలో చూసి ఆ గొట్టం మీద కూర్చుని దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. పోటీల్లో ఆ భంగిమని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 ఏప్రిల్ నుంచే నిషేధించింది. మనకెందుకు చెప్పండి.

కింద లోయలో ఊరో సరస్సో కనిపించగానే దిగుడు అయిపోయిందనుకోకండి. కాళ్లు చల్లబడి కొయ్యబారి ఉంటాయి. చివరి రెండు మూడు కిలోమీటర్లలో తేలిక గేరులో ఊరికే తిప్పుతూ రండి. అక్కడ మీకోసం గాలి కాచుకుని ఉంటుంది. కొండల మధ్య సరస్సు లోయల్లో గాలికి వేళాపాళా ఉంటుంది. ఇటలీలోని కోమో సరస్సు మీద ఉదయం ఉత్తరం నుంచి వీచేదాన్ని తివానో అంటారు, మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేది బ్రెవా. మబ్బులేని రోజున ఒడ్డు వెంట ఉదయం దక్షిణానికీ మధ్యాహ్నం ఉత్తరానికీ తొక్కేలా రూటు వేసుకుంటే రెండుసార్లూ గాలి వీపు తోస్తుంది. ఆ సరస్సు ఒడ్డునున్న బెల్లాజియో నుంచే 754 మీటర్ల ఎత్తున్న గిసాల్లో కనుమ మొదలవుతుంది. పైన ఉన్న చిన్న గుడిలోని మేరీ మాతని 1949లో పోప్ సైక్లిస్టుల రక్షకురాలిగా ప్రకటించారు.

ఒడ్డు రోడ్లలో సొరంగాలుంటాయి. నల్ల కళ్లద్దాలు లోపలికి వెళ్లే ముందే తియ్యండి, లైట్లు వెయ్యండి. పెద్ద హైవే సొరంగాల్లో చాలాచోట్ల సైకిళ్లని రానివ్వరు. పాత రోడ్డు నీళ్ల పక్కనే ఉందేమో మ్యాపులో ముందే చూసుకోండి.

వచ్చే పాఠం ఎదురుగాలిలో గుంపుగా తొక్కడం గురించి. ఈలోగా వాహనాలు రాని చిన్న వాలు ఒకటి వెతికి, దారి పక్కన నీళ్ల సీసా పెట్టండి. సరిగ్గా సీసా దగ్గరికి వచ్చేసరికి బ్రేకు పూర్తిగా వదిలేసి ఉండాలి. ఇరవై సార్లు చేసి, ఎన్నిసార్లు సీసా దాటాక కూడా వేళ్లు లీవరుని పట్టుకునే ఉన్నాయో రాసిపెట్టుకోండి.